చుక్కలోనే ఉంది కిటుకు

స్పా నుంచి పూజగది దాకా ఎక్కడ చూసినా సుగంధ తైలాలే. మనసుకు హాయినిచ్చే ఆ చిన్న సీసాను ఎలా వాడాలో తెలియకపోతే మాత్రం ఆస్పత్రి మెట్లు ఎక్కక తప్పదు.

సూరత్ నగరం నుంచి సముద్రం వైపు సాగే డుమస్ రోడ్డు ఆ ఊరి సంపదకు అద్దం పడుతుంది. పెద్ద పెద్ద మాల్స్, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు దాటుకుంటూ వెళితే చివర నల్ల ఇసుక తీరం, వేడివేడి టమాటా భజియాల దుకాణాలు కనిపిస్తాయి. వస్త్ర, వజ్రాల వ్యాపారాలతో చేతినిండా డబ్బు ఆడే ఇలాంటి నగరాల్లో అలసట తీర్చుకోవడమూ ఒక ఖర్చే. లావెండర్, నిమ్మగడ్డి, యూకలిప్టస్ తైలాలతో చేసే మర్దనకు అరోమాథెరపీ అని పేరు. సూరత్‌కు రెండో కొసన ఉన్న లింబాయత్ పరిసరాలది మరో లోకం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల పనికోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది.

ఎక్కడికి వెళ్లినా తెలుగువారి ఇళ్లలో అరోమాథెరపీ అన్న మాట పెద్దగా వినిపించదు. వినిపించేదల్లా జలుబుకు నీలగిరి తైలం, తలనొప్పికి అమృతాంజనం, పంటినొప్పికి లవంగ నూనె, పసిబిడ్డకు రొమ్ము పడిశం పడితే కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె. పేరు ఏదైనా స్పాలోని సీసాలో ఉన్నదీ, ఈ వంటింటి సీసాలో ఉన్నదీ ఒకే జాతి సరుకు. తేడా అల్లా ధరలోనే. ప్రమాదం విషయానికి వస్తే వంటింటి సీసాతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. స్పాలో పసిపిల్లలు ఉండరు, ఇంట్లో ఉంటారు.

పాత సరుకు, కొత్త పేరు

'అరోమాథెరపీ' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త రెనే మోరిస్ గట్‌ఫోస్. 1910లో ప్రయోగశాలలో జరిగిన ప్రమాదంలో కాలిన తన చేతులకు లావెండర్ తైలం వాడిన ఆయన ఆ తర్వాత ఈ నూనెల మీదే దృష్టి పెట్టి, 1937లో అదే పేరుతో పుస్తకం వెలువరించారు. మన దేశంలో ఈ విద్య అంతకంటే చాలా పాతది. వరాహమిహిరుడి బృహత్సంహితలో సుగంధ ద్రవ్యాల తయారీకి గంధయుక్తి పేరిట ఒక అధ్యాయమే ఉంది.

సుగంధ తైలాలను సామాన్యుడి జేబులోకి చేర్చిన ఘనత ఒక తెలుగువాడిదే. కృష్ణా జిల్లా ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టారు. ఆ లాభాలతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చారు. పుదీనా పువ్వు, కర్పూరం, యూకలిప్టస్ వంటివి మైనంలో కలిపి పట్టించే ఇలాంటి బామ్‌లలో ఒక కిటుకు ఉంది. తైలం అందులో నేరుగా ఉండదు, పలచబడి ఉంటుంది. డబ్బాలోంచి గోరంత తీసి నుదుటికి పైపైన రాస్తారు. సురక్షితంగా వాడటమంటే ఏమిటో ఆ గోరంతలోనే ఉంది.

పువ్వు వేరు, తైలం వేరు

ప్రకృతిసిద్ధం కాబట్టి హాని ఉండదన్నది అందరిలో పాతుకున్న నమ్మకం. గులాబీ పువ్వు వాసన చూడటం, గులాబీ తైలం వాడటం ఒకటే అనుకుంటే పొరపాటే. కిలో గులాబీ తైలం తీయడానికి సుమారు మూడు నుంచి అయిదు టన్నుల రేకులు కావాలి. అంటే చెట్టు కొద్దికొద్దిగా దాచుకున్న రసాయనాలను మనిషి కొన్ని వేల రెట్లు చిక్కబరిచి సీసాకెక్కిస్తున్నాడు. నీలగిరి తైలంలోని సినియోల్, కర్పూరంలోని కర్పూర ద్రవ్యం, వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ శాలిసిలేట్ ఒంట్లోకి వెళితే మందుల్లాగే పనిచేస్తాయి, మోతాదు మించితే విషాల్లాగే దెబ్బతీస్తాయి. ఒక్క చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వింటర్‌గ్రీన్ నూనెలో ఉండే మందు ఇరవైకి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానం. నొప్పులకు రాసుకునే నూనెల్లో ఇది మామూలుగా ఉండేదే.

నాలుగేళ్ల లెక్క

నీలగిరి తైలం, కర్పూరం మెదడు మీద ఏం చేస్తాయన్న దానికి దక్షిణాది నుంచే గట్టి ఆధారం దొరికింది. బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ నరాల వైద్యుడు డాక్టర్ థామస్ మాథ్యూ బృందం నాలుగు ఆస్పత్రుల్లో నాలుగేళ్లపాటు ఫిట్స్‌తో వచ్చిన పెద్దవారిని ఒక అదనపు ప్రశ్న అడిగింది. ఫిట్స్ రావడానికి ముందు ఏదైనా సుగంధ తైలం వాడారా? 2021లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 350 మందిలో 55 మంది, అంటే ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు వాడామన్నారు. వారిలో 33 మందికి అప్పటికే మూర్ఛ వ్యాధి ఉంది, తైలం దాన్ని రెచ్చగొట్టింది. మిగిలిన 22 మందికి వచ్చిన ఫిట్స్‌కు తైలమే కారణమని తేల్చారు. కొందరు తాగారు, కొందరు పీల్చారు, కొందరు ఒంటికి రాసుకున్నారంతే. దాదాపు అన్నిటిలోనూ ఉన్నవి యూకలిప్టస్, కర్పూరమే.

ఇక్కడ ఆలోచించవలసింది వైద్యుడు అడిగిన ప్రశ్న గురించే. బామ్ రాసుకున్నామని, ఆవిరి పట్టామని రోగి తనంతట తాను చెప్పడు. అది మందని అనుకోడు కాబట్టి. చెప్పకపోతే ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగవలసి రావచ్చు. చెబితే సీసా పక్కన పెట్టడంతోనే కథ ముగియవచ్చు.

పిల్లల విషయం మరీ సున్నితం. పసివాడి కడుపులోకి ఒక్క గ్రాము కర్పూరం వెళ్లినా ప్రాణాల మీదికి రావచ్చు. మింగిన కొన్ని నిమిషాల్లోనే ఫిట్స్ మొదలు కావచ్చు. పూజగదిలో తెల్లగా, చిన్నగా పటిక బెల్లం ముక్కల్లా కనిపించే బిళ్లలను పాకే వయసు పిల్లలు నోట్లో పెట్టుకోవడానికి ఎంతోసేపు పట్టదు. పైగా హారతి కర్పూరం ఇప్పుడు ఎక్కువగా టర్పెంటైన్ నుంచి కర్మాగారాల్లో తయారవుతున్నదే. ప్రసాదాల్లో వేసే పచ్చకర్పూరం వేరు, ఇది వేరు. ఈ ముప్పు వల్లే అమెరికా 1980ల తొలినాళ్లలోనే కర్పూర తైలం అమ్మకాలను ఆపించి, మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని షరతు పెట్టింది. ఇక శిశువుల ముక్కు దగ్గర మెంథాల్, యూకలిప్టస్ వంటి ఘాటైనవి రాస్తే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

కొవిడ్ రెండో ఉద్ధృతి సమయంలో, 2021 ఏప్రిల్‌లో, ఈ నమ్మకం మరో రూపంలో ముందుకొచ్చింది. కర్పూరం, లవంగాలు, వాము గుడ్డలో మూటకట్టి నీలగిరి తైలం చుక్కలు వేసి పీలిస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం సెల్‌ఫోన్లలో చక్కర్లు కొట్టింది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపించడం నిజమే. కానీ అది చల్లదనం తెచ్చే భావనే తప్ప ఆక్సిజన్ పెరగడం కాదు. ఆస్పత్రికి పరుగెత్తవలసిన ఘడియల్లో మూట పీలుస్తూ కూర్చోవడమే అసలు ప్రమాదం.

సీసాలో ఏముంది?

తైలం మంచిదైనా సీసా మంచిది కాకపోవచ్చు. 2021లో అమెరికాలోని కాన్సస్, టెక్సస్, మిన్నెసోటా, జార్జియా రాష్ట్రాల్లో ఒకదానికొకటి సంబంధం లేని నలుగురికి మెలియాయిడోసిస్ సోకింది. దక్షిణాసియా మట్టిలో, నీళ్లలో ఉండే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది. ఒక చిన్నారి సహా ఇద్దరు మరణించారు. నెలల తరబడి వెతికిన అధికారులకు ఆ బాక్టీరియా చివరికి ఒక ఇంట్లోని లావెండర్ పరిమళపు స్ప్రే సీసాలో దొరికింది. తయారైంది భారత్‌లో. దాదాపు 3,900 సీసాలను ఆ ఏడాది అక్టోబరులో మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. నీళ్లు కలిపిన స్ప్రేలో క్రిములు పెరగకుండా చూడటం తయారీదారు పని. ఇంట్లో నీళ్లలో చుక్కలు కలిపి వారాల తరబడి చల్లుకునేవారికీ అదే పాఠం వర్తిస్తుంది.

నకిలీల గొడవ సరేసరి. టన్నుల కొద్దీ పూలు కావలసిన తైలం వందో రెండు వందలో పెడితే సీసాడు వచ్చిందంటే అందులో ఉన్నది కృత్రిమ పరిమళం అయ్యే అవకాశమే ఎక్కువ. మొక్క శాస్త్రీయ నామం, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా లేని సీసా కొనకపోవడమే మేలు. కొన్న తర్వాత కూడా ముదురు రంగు గాజు సీసాలో, చల్లని చోట ఉంచాలి. గాలి, వెలుతురు తగిలి పాతబడిన తైలం చర్మానికి ఎలర్జీ తెప్పించే గుణం పెంచుకుంటుంది.

మేలు ఎంత?

ఇంత ముప్పు ఉంటే అసలు ఎందుకు వాడాలి? మనసుకు నచ్చిన సువాసన హాయినిస్తుందన్నది కాదనలేని సంగతి. వాసనను గ్రహించే నాడులకు మెదడులో భావోద్వేగాల, జ్ఞాపకాల కేంద్రాలతో దగ్గరి సంబంధం ఉంది. మర్దన చేసే చేతుల స్పర్శ, ప్రశాంతమైన గది కూడా ఆ హాయిలో వాటాదారులే. జబ్బులు తగ్గిస్తుందా అన్న దగ్గరే శాస్త్రం వెనకాడుతోంది. వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018లో శస్త్రచికిత్స తర్వాతి వికారం మీద, 2020లో మతిమరుపు వ్యాధి మీద అరోమాథెరపీ ప్రభావాన్ని పరిశీలించి, నమ్మకంగా మేలు చెప్పగల ఆధారం లేదని తేల్చింది. కాబట్టి విశ్రాంతికి తోడుగా వాడుకోవచ్చు. బీపీ, షుగర్, ఉబ్బసం మందులు మాని సీసా పట్టుకుంటేనే చిక్కు.

నిమ్మ నూనె, మిట్టమధ్యాహ్నం

చర్మం మీద వాడేటప్పుడు లెక్క సులువే. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. చెంచాడు కొబ్బరినూనెలోనో నువ్వుల నూనెలోనో ఒక్క చుక్క కలిపితే అది ఒక శాతం. ముఖానికి అంతకు మించకూడదు. ఆరోగ్యవంతులైన పెద్దల ఒంటికి రెండు చుక్కలు చాలు. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడాలి. దురద, ఎరుపు కనిపిస్తే ఆ తైలం ఆ ఒంటికి పడదన్నమాటే.

డుమస్ లాంటి సముద్రతీరానికి షికారు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటుంది. బెర్గమాట్, తొక్క పిండి తీసిన నిమ్మ నూనెల్లో ఉండే కొన్ని రసాయనాలు ఎండ తగలగానే చర్మాన్ని కాల్చినంత పనిచేస్తాయి. బొబ్బలు తగ్గినా మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. పొద్దున ఆ నూనెతో మర్దన చేయించుకుని మధ్యాహ్నం ఇసుకలో తిరిగితే కష్టాన్ని కొని తెచ్చుకున్నట్టే. రాసిన చోట కనీసం ఒక రోజు ఎండ తగలనివ్వకూడదు.

ఇవి మరవొద్దు

* వైద్యుడు చెప్పనిదే ఏ సుగంధ తైలాన్నీ తాగవద్దు. నీళ్లలో చుక్క వేసుకున్నా అది కరగదు, పైన తేలి నోటిని, గొంతును కాలుస్తుంది.

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ, ఉబ్బసం ఉన్నవారు వైద్యుడిని అడగకుండా వాడరాదు. రెండేళ్లలోపు పిల్లలకు దూరంగా ఉంచాలి.

* డిఫ్యూజర్‌ను గంటల తరబడి వదిలేయకుండా అరగంటో గంటో నడిపి ఆపాలి. కిటికీ తెరిచి ఉంచాలి. పిల్లి ఉన్న ఇంట్లో టీట్రీ తైలం జోలికి పోవద్దు. పిల్లుల కాలేయం దాన్ని అరిగించుకోలేదు.

* ఇవి మండే నూనెలు. పొయ్యి, దీపం, హారతి పక్కన సీసా పెట్టవద్దు.

* కంట్లో పడితే ధారగా నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లాలి.

* పిల్లలు మింగితే వాంతి చేయించవద్దు. తైలం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చేసి, సీసా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాడుతున్న మాత్రలతో పాటు రాసుకుంటున్న బామ్, పడుతున్న ఆవిరి కూడా చెప్పాలి. అది చాదస్తం కాదు, రోగ నిర్ధారణలో భాగం. ఇక ఇంటికి సంబంధించినంత వరకు అన్నిటికంటే చవకైన జాగ్రత్త ఒకటుంది. కర్పూరం పొట్లం, నీలగిరి తైలం సీసా పిల్లల చేతికందని అలమారాలో పెట్టి గడియ వేయడం. వంటింట్లో పచ్చకర్పూరాన్ని చిటికెడులో చిటికెడు వేయడం తెలిసిన ఇల్లాలికి మోతాదు గురించి కొత్తగా నేర్పవలసింది లేదు. అదే లెక్కను మందుల అరకు, ఉయ్యాల పక్కకు కూడా తీసుకెళితే చాలు.