దొడ్డిదారి హెడ్మాస్టర్లు

ఒక బడిని ఊహించుకోండి. కొత్తగా చేరే విద్యార్థి దరఖాస్తు ఫారం నింపి ఆఫీసులో ఇస్తాడు. గుమాస్తా అందులో ఉన్నదంతా రిజిస్టరులోకి ఎక్కిస్తాడు. ఒక కొంటె పిల్లవాడు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాశాక, ఫారంలో లేని గడి ఒకటి తానే గీసి, అందులో "హోదా: ప్రధానోపాధ్యాయుడు" అని రాశాడనుకోండి. గుమాస్తా దాన్ని కూడా ఎక్కించేశాడు. మర్నాటి నుండి బీరువా తాళాలు, ప్రశ్నపత్రాలు, మార్కుల జాబితాలు అన్నీ ఆ పిల్లవాడి చేతిలోనే!

"ఎక్కడైనా ఇలా జరుగుతుందా?" అని మీరు నవ్వవచ్చు. బడిలో జరగదు. గుమాస్తా మనిషి గనుక చెవి మెలిపెట్టి పంపిస్తాడు. కంప్యూటరుకు ఆ ఇంగితం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేయడమే దానికి తెలుసు. 2023లో ఒక వెబ్‌సైట్ సాఫ్ట్‌వేరులో సరిగ్గా ఇలాంటి లోపమే బయటపడింది. దాన్ని వాడుతున్న వెబ్‌సైట్లు రెండు లక్షలకు పైమాటే. అదెలా జరిగిందో తెలుసుకుందాం.

ప్లగిన్ అంటే ఏమిటి?

మన సిరిసిల్ల మరమగ్గాలను మీలో చాలామంది చూసే ఉంటారు. సాదా బట్ట నేసే మగ్గానికి డాబీ అనే పరికరం బిగిస్తే అంచు మీద డిజైను కూడా వస్తుంది. అందుకోసం మగ్గాన్నే మార్చనక్కరలేదు. వెబ్‌సైటుకు ప్లగిన్ కూడా అలాంటిదే. నేడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తున్నాయి. ఇది 2003లో మొదలైంది. సభ్యులను చేర్చుకోవాలన్నా, ఫొటోలు చూపాలన్నా, డబ్బు చెల్లింపులు తీసుకోవాలన్నా దీనికి తగిన ప్లగిన్ బిగిస్తే చాలు. వేల సంఖ్యలో ఉన్న ఈ ప్లగిన్లను ఎవరెవరో వేరు వేరుగా రాస్తారు. డాబీలో లోపముంటే మగ్గం ఎంత మంచిదైనా బట్ట పాడవుతుంది కదా! ఇక్కడా అంతే.

హోదాల నిచ్చెన

వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా ఐదు హోదాలు ఉంటాయి. అన్నిటికన్నా కింది మెట్టు సబ్‌స్క్రైబర్. అతడు చదువుకోగలడు, తన వివరాలు దిద్దుకోగలడు, అంతే. ఆ పైన కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్ ఉంటారు. పై మెట్టు అడ్మినిస్ట్రేటర్‌ది. వెబ్‌సైటులో ఏది మార్చాలన్నా, చెరపాలన్నా ఆయనకు అధికారం ఉంటుంది. కింది మెట్టు మీది వాడు అనుమతి లేకుండా పై మెట్టుకు ఎగబాకడాన్ని "ప్రివిలేజ్ ఎస్కలేషన్" అంటారు. అనగా, అధికారాన్ని దొంగతనంగా పెంచుకోవడం.

వేషం మార్చిన పేరు

అల్టిమేట్ మెంబర్ అనే ప్లగిన్ సభ్యులను నమోదు చేసుకుంటుంది. ఎవరైనా ఫారంతోపాటు హోదా గడిని కూడా కలిపి పంపవచ్చునని దాన్ని రాసినవారికి తెలుసు. అందుకే తీసుకోకూడని గడుల పేర్లతో ఒక జాబితా పెట్టారు. కాని ఆ పేరులో ఒక అక్షరాన్ని కాస్త మార్చో, మధ్యలో ఒక ఏటవాలు గీత చేర్చో పంపితే జాబితా గుర్తుపట్టలేదు. లోపలికి చేరాక మాత్రం ఆ మార్పులు లెక్కలోకి రాలేదు. వర్డ్‌ప్రెస్ దాన్ని హోదా గడిగానే తీసుకుంది. ఇంకేముంది, కొత్తగా చేరినవాడు నేరుగా అడ్మినిస్ట్రేటర్ అయిపోయాడు!

2023 జూన్‌లో ఈ దాడులు బయటపడ్డాయి. 2.6.3 నుండి 2.6.6 వరకు వరుసగా సవరణలు వచ్చాయి. ఒక కన్నం పూడిస్తే మరొకటి మిగిలిపోయింది. చివరికి జూలైలో వచ్చిన 2.6.7లో పద్ధతినే మార్చారు. తీసుకోకూడని వాటి జాబితాను నమ్ముకోకుండా, తీసుకోదగిన గడుల జాబితా పెట్టారు. అందులో లేనిది ఏ వేషంలో వచ్చినా తిరస్కరిస్తారు.

ఈ సూత్రం కొత్తదేమీ కాదు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు 1975లోనే దీన్ని రాశారు. అనుమతించినది తప్ప మిగిలినదంతా నిషిద్ధమే అన్నది ఒక సూత్రం. ఎవరికైనా పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్నది మరొకటి.

ఒక చిన్న లెక్క

2024 ఆగస్టులో లైట్‌స్పీడ్ క్యాషే అనే ప్లగిన్‌లో మరో రకం లోపం బయటపడింది. 50 లక్షలకు పైగా వెబ్‌సైట్లు దాన్ని వాడుతున్నాయి. ఒక రహస్య పదం చెప్పినవారిని ఆ ప్లగిన్ అడ్మినిస్ట్రేటరుగా నమ్మేది. కాని ఆ పదాన్ని గడియారంలోని మైక్రోసెకండ్ల అంకె నుండి తయారుచేశారు. సెకనుకు మైక్రోసెకండ్లు 10 లక్షలే కాబట్టి, సాధ్యమైన పదాలూ 10 లక్షలే! సెకనుకు మూడు చొప్పున ప్రయత్నిస్తే 3,33,333 సెకన్లు పడుతుంది. రోజుకు 86,400 సెకన్లు. అంటే నాలుగు రోజులలోపే తాళం తెరుచుకుంటుంది.

మన హైదరాబాదులో

అధికారాన్ని దొంగిలించడం వెబ్‌సైట్లతోనే ఆగదు. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల రూపాయలు ఇలాగే పోయాయి. మోసపు ఈ-మెయిళ్లను ఉద్యోగులు తెరవడంతో దొంగలు లోపలికి చొరబడి, అన్ని అధికారాలూ గల "సూపర్ యూజర్" ఖాతాలను చేజిక్కించుకున్నారు. అలాంటి ఖాతాలు పది దాకా ఉన్నాయని, కొన్నిటికి ఒకే పాస్‌వర్డు ఉందని పోలీసులు తెలిపారు. 1975 నాటి రెండో సూత్రాన్ని గుర్తుచేసుకోండి.

మనం ఏం చేయాలి?

మీ బడికో, ఊళ్లోని సంఘానికో వెబ్‌సైటు ఉంటే ప్లగిన్ల సవరణలు వచ్చిన వెంటనే వేసుకోవాలి. వాడని ప్లగిన్లను తీసివేయాలి. అడ్మినిస్ట్రేటర్ హోదాను ఒకరిద్దరికి మించి ఇవ్వకూడదు. లోపం కనిపించిందని ఇతరుల వెబ్‌సైటులోకి చొరబడితే మాత్రం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. లోపాన్ని వెబ్‌సైటు యజమానికో, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కో తెలియజేయడమే సరైన దారి.

తరగతిలో ఆడి చూడండి

ఒకరు గుమాస్తాగా కూర్చోండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనే మూడు పేర్లు ఉన్న చీటీలను రానివ్వకూడదన్నది నియమం. అక్షరం అక్షరం కలిస్తేనే ఆపాలి. మిగిలినవారు "జగిత్యాల్", "జగ్త్యాల" అంటూ రాసి ఇవ్వండి. ఎన్ని చీటీలు దాటిపోయాయో లెక్కపెట్టండి. తరువాత నియమం తిరగేయండి: ఆ మూడు పేర్లను తప్ప దేన్నీ రానివ్వకూడదు. ఇప్పుడు దొంగ చీటీలు ఎన్ని దాటాయి? ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే ఈ పాఠమంతా ఉంది.