ట్రాక్టరు టైర్లలో గాలి – పొలమునకెంత? రోడ్డునకెంత?

ఉదయము నల్లరేగడి చేనిలో దుక్కి, సాయంత్రము ధాన్యపు బస్తాలతో ట్రాలీ కట్టుకొని మార్కెటు యార్డుకు ప్రయాణము. నేడు మన గ్రామములలో ఒకే ట్రాక్టరు ఈ రెండు పనులను చేయుచున్నది. పని మారినప్పుడు రైతు నాగలి విప్పును, ట్రాలీ తగిలించును, డీజిలు చూచుకొనును. కాని టైర్లలోని గాలిని మాత్రము చాలమంది పట్టించుకొనరు. ఎన్నడో పంక్చరు దుకాణములో కొట్టించిన గాలితోనే దుక్కియు, రవాణాయు సాగిపోవుచుండును. దీని వలన కలుగు నష్టము వెంటనే కంటికి కనబడదు. డీజిలు కొంత, టైరు కొంత, నేల గుల్లదనము కొంత చొప్పున పోవుచుండును. రోడ్డుపైనైతే ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున పొలమునకెంత గాలి ఉండవలెనో, రోడ్డునకెంత ఉండవలెనో, ఎందుకట్లు ఉండవలెనో రైతు సోదరులు తెలిసికొనుట అవసరము.

బరువును మోయునది గాలియే

తొలి ట్రాక్టర్లకు ఇనుప చక్రములుండెడివి. 1932లో అమెరికాలో అలిస్-చామర్స్ కంపెనీ తన ట్రాక్టరుకు ఫైర్‌స్టోన్ వారి గాలి టైర్లను అమర్చి అమ్మకమునకు తెచ్చినది. లారీ టైరువలె గట్టిగా గాలి నింపక, తక్కువ గాలితో నేలపై పరచుకొని పట్టు చూపుటయే ఆ టైర్ల ప్రత్యేకత. నేటికిని ట్రాక్టరు వెనుక టైరు గుణము అదియే.

గాలి ఒత్తిడిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుతురు. గాలి కొట్టువారు ‘పాయింట్లు’ అనునవి ఇవియే. ఒక చిన్న లెక్క చూడుడు. ట్రాక్టరు వెనుక ఇరుసుపై 1,300 కిలోల బరువున్నదనుకొందము. ఒక్కొక్క టైరుపై 650 కిలోలు పడును. టైరులో 12 పౌనుల గాలి యున్నచో, ఆ బరువు మోయుటకు సుమారు 770 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలను తాకవలెను. 20 పౌనులున్నచో సుమారు 465 చదరపు సెంటీమీటర్లు చాలును. టైరు గోడ బిగువు కూడ కొంత బరువు మోయును గనుక ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. అయినను విషయము స్పష్టమే. గాలి తగ్గినకొలది టైరు వెడల్పుగా, పొడవుగా పరచుకొనును. గాలి పెరిగినకొలది నేలను తాకు భాగము తగ్గి, అదే బరువు ఇరుకు చోట పడును.

పొలములో తక్కువ గాలి మేలు

దున్నునప్పుడు టైరుపైనున్న రబ్బరు గట్లు మట్టిని పట్టుకొనుట వలననే ట్రాక్టరు నాగలిని లాగగలుగును. టైరు బాగుగా పరచుకొన్నచో ఎక్కువ గట్లు ఒకేసారి నేలలో దిగి పట్టు చిక్కును. గాలి ఎక్కువైనచో టైరు నడిమి భాగము మాత్రమే నేలను తాకును. అప్పుడు చక్రము తిరుగును గాని బండి తగినంత ముందుకు సాగదు. తిరిగిన ప్రతి చుట్టుకు డీజిలు ఖర్చగును, రబ్బరు అరుగును, ఎకరమునకు పట్టు కాలము పెరుగును.

నేలకు కలుగు హాని మరియొకటి. పైమట్టిపై పడు ఒత్తిడి ఇంచుమించు టైరులోని గాలి ఒత్తిడికి సమానముగా ఉండును. గట్టిగా గాలి నింపిన టైరు తడి మట్టిని అదిమివేయును. మట్టి రేణువుల మధ్యనున్న ఖాళీలు మూసికొనిపోయి, నీరు ఇంకదు, వేరు దిగదు. నల్లరేగడిలోను, వరి కోసిన తరువాత మాగాణిలోను ఈ బాధ అధికము. చక్రము పోయిన చాళ్ళలో మొక్క గిడసబారుటను మీరు చూచియే యుందురు. గాలి తగ్గించుట వలన పైమట్టికి మేలు కలుగును. అయితే లోతు పొరలు గట్టిపడుటకు ఇరుసుపై పడు మొత్తము బరువే ముఖ్య కారణము. కావున గాలి తగ్గించితిమి గదా యని తడి ఆరని చేనిలోనికి బండిని దింపరాదు. పిడికెడు మట్టి తీసి నలిపినప్పుడు ముద్ద కట్టక పొడి యగు వరకు ఆగవలెను.

అట్లని గాలిని మితిమీరి తగ్గించుటయు తప్పే. అట్లు చేసినచో టైరు రిమ్ముపై జారి ట్యూబును తనతో లాగును, వాల్వు మొదలంట తెగును. టైరు గోడలు ముడుతలు పడి పగులును. కంపెనీవారు చెప్పిన కనిష్ఠమునకు తక్కువ ఎన్నడును ఉంచరాదు.

జారుడును మీరే కొలువవచ్చును

గాలి సరిపోయినదో లేదో చెప్పునది చక్రపు జారుడు. దీనికి యంత్రమేదియు అవసరము లేదు. వెనుక టైరుపై సుద్దముక్కతో గీత గీయుడు. దున్నవలసిన చేనిలోనే నాగలి ఎత్తి, చక్రము 10 చుట్లు తిరుగు దూరమును కొలువుడు. పిదప నాగలి దింపి, దున్నుచు మరల 10 చుట్ల దూరమును కొలువుడు. మొదటిది 40 మీటర్లు, రెండవది 35 మీటర్లు వచ్చినదనుకొందము. తేడా 5 మీటర్లు. అనగా జారుడు నూటికి 12½ వంతులు. సాధారణముగా మెట్ట దుక్కిలో జారుడు నూటికి 10 నుండి 15 వరకు ఉండుట మంచిది.

చక్రపు జాడ కూడ ఇదే చెప్పును. గట్ల ముద్రలు అంచులలో స్పష్టముగా ఉండి, నడుమ కొంచెము చెదరినచో జారుడు సరిగా నున్నది. ముద్రలు పూర్తిగా చెరిగిపోయినచో జారుడు ఎక్కువ. అప్పుడు గాలి చూచుకొనవలెను, నాగలి లోతు తగ్గించవలెను, లేదా వెనుక చక్రములకు బరువు చేర్చవలెను. ముద్రలు అచ్చు గ్రుద్దినట్లు చెక్కుచెదరక యున్నచో బండిపై అనవసరపు బరువున్నదని గ్రహించవలెను.

రోడ్డుపై ట్రాలీ లాగునప్పుడు

ఇక్కడ కథ తిరగబడును. తారు రోడ్డు గట్టిది గనుక టైరు పరచుకొనవలసిన పని లేదు. పైగా రెండు చక్రముల ట్రాలీ అయినచో దాని బరువులో కొంత భాగము హిచ్ మీదుగా ట్రాక్టరు వెనుక టైర్లపై పడును. వేగమును హెచ్చుగా నుండును. పొలములోని 12 పౌనుల గాలితోనే ఈ బరువును లాగినచో టైరు గోడలు చుట్టు చుట్టునకు వంగి లేచుచు వేడెక్కును. ఆ వేడికి లోపలి పొరలు విడిపోవును. ఎండకాలములో ఇట్టి టైరు దారిలో పగులుటకు అవకాశము ఎక్కువ. మలుపులలో మెత్తని టైరు ప్రక్కకు ఒరుగును, వెనుక ట్రాలీ ఊగును, స్టీరింగు చేతిలో నిలువదు. కావున ట్రాలీ కట్టునప్పుడు వెనుక టైర్లకు గాలి పెంచవలెను.

ట్రాలీ టైర్లు వేరు. అవి బరువు మోయుటకే గాని లాగుటకు కావు. వాటికి గాలి చాల ఎక్కువ కావలెను. వాటి పరిమాణమును బట్టి టైరు కంపెనీవారు చెప్పినంత గాలిని ఉంచవలెను. రెండు ప్రక్కల టైర్లలో గాలి సమానముగా నుండవలెను. ఒక ప్రక్క తగ్గినచో బస్తాల లోడు ఆ ప్రక్కకు వాలి, గుంతలో పడినప్పుడు ట్రాలీ బోల్తా పడవచ్చును.

మరియొక జాగ్రత్త. లోడు మొత్తము ట్రాలీ ముందు భాగమున వేసినచో హిచ్‌పై బరువు పెరిగి ట్రాక్టరు ముందు చక్రములు తేలికపడును. ఎత్తు ఎక్కునప్పుడు ముందు భాగము లేచు ప్రమాదము గలదు. గాలి ఎంత పెంచినను ఈ తప్పును సరిదిద్దజాలదు. లోడును సమముగా సర్దవలెను. హిచ్‌ను కంపెనీ అమర్చిన చోటనే తగిలించవలెను. రోడ్డుపై రెండు బ్రేకు పెడళ్ళను కలిపి గడియ వేయవలెను.

సాధారణ కొలతలు

మన ప్రాంతమున ఎక్కువగా నున్న 40–50 అశ్వశక్తి ట్రాక్టర్లకు (వెనుక టైరు 13.6–28 లేదా దానికి దగ్గర పరిమాణము) ఈ క్రింది కొలతలు ఉజ్జాయింపుగా పనికివచ్చును. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో వేరుగా నున్నచో దానినే పాటించవలెను.

వెనుక టైర్లు, పొలము పనికి: 12–14 పౌనులు
వెనుక టైర్లు, ట్రాలీతో రోడ్డుపై: 18–20 పౌనులు
ముందు టైర్లు: 24–30 పౌనులు

టైరు గోడపై ముద్రించిన హెచ్చు అంకె దాని తుది హద్దు మాత్రమే. అంత గాలి నింపుమని దాని అర్థము కాదు.

గాలి చూచు పద్ధతి

ఉదయము, బండి కదలక ముందు, టైరు చల్లగా నున్నప్పుడే గేజితో చూడవలెను. నడచిన టైరు వేడెక్కి ఒత్తిడి ఎక్కువ చూపును. అది చూచి గాలి తీసివేసినచో, చల్లారిన తరువాత తక్కువపడును. కాలితో తన్నియో, కర్రతో కొట్టియో గాలిని అంచనా వేయుట సరికాదు. 12 పౌనులకును 18 పౌనులకును తేడా కాలికి తెలియదు. తక్కువ ఒత్తిడిని స్పష్టముగా చూపు గేజిని సొంతముగా కొనియుంచుకొనుట మంచిది. వెనుక టైర్లలో నీరు నింపియున్నచో వాల్వును పై వైపునకు తిప్పి నిలిపి చూడవలెను. వాల్వు క్రింద నున్నచో నీటి బరువు వలన గేజి ఒక పౌను వరకు ఎక్కువ చూపును. చూచిన పిదప మూత బిగించవలెను. గాలి నింపునప్పుడు టైరునకు ఎదురుగా గాక ప్రక్కగా నిలువవలెను.

రెండు పనులు ఒకేనాడు వచ్చినచో?

గాలి తీయుట నిమిషముల పని. కాని ఇంత పెద్ద టైరులో మరల నింపుటకు కంప్రెసరు కావలెను. గ్రామములో నలుగురైదుగురు ట్రాక్టరు యజమానులు కలిసి ఒక చిన్న కంప్రెసరును ఉంచుకొన్నచో ఈ ఇబ్బంది తీరును. అదియు కుదరనివారు కాలమును బట్టి మార్చుకొనవచ్చును. దుక్కుల కాలము మొదట తగ్గించి, కోతల తరువాత రవాణా కాలము మొదట పెంచవలెను.

ఒకే దినమున దుక్కియు, ట్రాలీయు తప్పనిసరియై, గాలి మార్చు వీలు లేనప్పుడు రోడ్డునకు తగిన గాలినే ఉంచుడు. పొలములో గాలి ఎక్కువైనందున పోవునది కొంత డీజిలు, కొంత దిగుబడి. రోడ్డుపై గాలి తక్కువైనచో పోవునది తోలువాని ప్రాణము, ఎదురు వచ్చువాని ప్రాణము. డీజిలు నష్టమును మరుసటి పంటలో పూడ్చుకొనవచ్చును.

కావున నేటి సాయంత్రము బండిని ఇంటికి తెచ్చి నిలిపి, రేపు ఉదయము తాళము త్రిప్పక ముందు ఒక్కసారి నాలుగు టైర్లకును, ట్రాలీ టైర్లకును గేజి పెట్టి చూడుడు. వచ్చిన అంకెలను మడ్‌గార్డు లోపలి వైపున సుద్దతో వ్రాసి, వారమునకొకసారి సరిచూచుకొనుడు. సందేహమున్నచో దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమువారిని సంప్రదింపవచ్చును.