‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ ఎందుకు కుదరదు?

గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే బస్సు పెదకాకాని దగ్గర ఆగిందనుకుందాం. డ్రైవరు దిగి టీ తాగాడు. ఇంగ్లిష్‌లో ఇది ‘హీ స్టాప్డ్ టు డ్రింక్ టీ’. అదే ‘హీ స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే ఆయనగారు టీ మానేశారని అర్థం. వాడిన మాటలు దాదాపు అవే. రెండో క్రియ రూపం కాస్త మారేసరికి మనిషి అలవాటే మారిపోయింది.

నంబూరు పక్కన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి వెళ్ళే విద్యార్థులైనా, గుంటూరు అరండల్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులకు వచ్చేవాళ్ళైనా వర్తమాన, భూత, భవిష్యత్ కాలాల పట్టికలు అప్పజెప్పడానికి పెద్దగా తడుముకోరు. బడిలో వాటినే రుద్దుతారు మరి. చిక్కంతా క్రియ తర్వాత ఏం రావాలన్న దగ్గర వస్తుంది. ‘వాంట్’ తర్వాత ‘టు గో’ రావాలి, ‘ఎంజాయ్’ తర్వాత ‘గోయింగ్’ రావాలి, ‘లెట్’ తర్వాత ఉత్త ‘గో’ సరిపోతుంది. ఎందుకలా అని అడిగితే ‘అదంతే, బట్టీ పట్టు’ అన్న జవాబే ఎక్కువసార్లు దొరుకుతుంది. అది పూర్తి జవాబు కాదు.

ఇలాంటి ఏర్పాటు తెలుగువాళ్ళకు కొత్తేమీ కాదు. ‘తాగడానికి ఆగాడు’, ‘తాగడం మానేశాడు’ అని మనం రెంటినీ విడదీసే చెబుతాం. ‘తాగాలని మానేశాడు’ అని చంటిపిల్లాడు కూడా అనడు. ‘అనుకున్నాడు’కు ముందు ‘వెళ్ళాలని’ వస్తుంది, ‘మొదలుపెట్టాడు’కు ముందు ‘వెళ్ళడం’ వస్తుంది, ‘చెప్పాడు’కు ముందు ‘వెళ్ళమని’ వస్తుంది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళను ఏడిపించే ‘ఫర్‌గెట్’ సంగతి చూడండి. ‘ఐ ఫర్‌గాట్ టు లాక్ ది డోర్’ అంటే తాళం వేయడం మర్చిపోయాను, తలుపు తెరిచే ఉంది. ‘ఐ ఫర్‌గాట్ లాకింగ్ ది డోర్’ అంటే తాళం వేసిన సంగతి మర్చిపోయాను, ఇల్లు భద్రంగానే ఉంది. ఈ తేడాను తెలుగు ‘వేయడం’, ‘వేసిన సంగతి’ అంటూ ఇంకా విప్పి చెబుతుంది. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని తిరగేస్తే మన క్రియల పొందికలు ఇంగ్లిష్ వాటికంటే తేలికైనవేమీ కావని తెలుస్తుంది. మనకు కష్టమనిపించదు, అంతే.

అయితే అసలు తేడా ఒకటుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. అది నోట్లోంచి వచ్చేసరికే దానికి కావలసిన పరివారమంతా ముందే వచ్చి ఉంటుంది. ఇంగ్లిష్‌లో క్రియ ముందు పడిపోతుంది, దాని పరివారాన్ని ఆ తర్వాత సమకూర్చాలి. ‘సజెస్ట్’ అన్న మాట బయటపడ్డాక ‘హిమ్ టు గో’ అనాలా, ‘దట్ హీ గో’ అనాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. తెలిసినవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు తడబడి, రాసేటప్పుడు సరిగా రాయడానికి కొంత కారణం ఈ తొందరే.

ఇక ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ది ప్రాబ్లెమ్’. తరగతి గదుల్లో రోజూ వినబడే ఈ వాక్యం తెలుగు నుంచి నేరుగా దిగింది కాదు. ‘నాకు వివరించండి’లో ‘కు’ ఉంది కాబట్టి తెలుగును నమ్ముకున్నవాళ్ళు ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అనాలి, అది సరైనదే అయ్యేది. తప్పు చేయించింది ఇంగ్లిషే. ‘గివ్ మీ’, ‘టెల్ మీ’, ‘షో మీ’, ‘టీచ్ మీ’ అని వరసగా నేర్పింతర్వాత ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనడం తెలివైన ఊహ. ఆ ఊహ ఎందుకు చెల్లలేదో తెలియాలంటే 1066 దాకా వెళ్ళాలి. ఆ ఏడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక చాలాకాలం పాలకుల భాష ఫ్రెంచి అయింది. ఆ తర్వాత పండితులు లాటిన్ మాటల్ని కూడా విరివిగా తెచ్చుకున్నారు. గివ్, టెల్, షో, టీచ్ అంతకుముందు నుంచీ ఉన్న జర్మానిక్ కుటుంబపు పొట్టి మాటలు. ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డిస్క్రైబ్ బయటి నుంచి వచ్చినవి, పలికేటప్పుడు ఒత్తు (స్ట్రెస్) రెండో అక్షరం మీద పడేవి. ‘గివ్ మీ ఎ బుక్’ అనే పాత కట్టడంలోకి ఈ కొత్తవాళ్ళు చాలామంది చేరలేదు. తెలుగులోనూ ‘వివరణ’, ‘సూచన’ లాంటి సంస్కృతపు మాటలు ‘ఇంచు’ తగిలించుకుంటే గానీ క్రియలు కావు కదా! అరువు మాటలు సొంత మాటల్లా నడవకపోవడం ఏ భాషకైనా ఉన్నదే.

భాషాశాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ 1989లో వెలువరించిన పుస్తకంలో ఈ ఒత్తు వ్యవహారాన్ని విపులంగా చర్చించాడు. మొదటి అక్షరం మీద ఒత్తు పడే ‘ఆఫర్’, ‘ప్రామిస్’ మాత్రం అరువు మాటలే అయినా సొంతవాళ్ళతో కలిసిపోయాయి. ‘ఆఫర్ మీ ఎ జాబ్’ దివ్యంగా చెల్లుతుంది. ‘అసైన్’ లాంటివి ఈ సూత్రాన్ని కూడా లెక్కచేయవు. మరి ఇంగ్లిష్ మాతృభాష అయిన పిల్లలు ఎలా నేర్చుకుంటారు? వాళ్ళకు 1066 గురించి ఎవరూ చెప్పరు. ఈ ప్రశ్నే పట్టుకుని భాషాశాస్త్రవేత్త అడెల్ గోల్డ్‌బర్గ్ 2019లో ఒక పుస్తకం రాసింది, దాని పేరే ‘ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్’. ఆమె వాదన ప్రకారం పిల్లవాడు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ వినబడుతుందనుకున్న ప్రతిచోటా ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’ అనే వింటాడు. అలా వినగా వినగా రెండోది మొదటిదానికి చోటు లేకుండా చేస్తుంది. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకు అన్నిసార్లు వినే అవకాశం రాదు, పైగా మాట్లాడేటప్పుడు అవతలివాడు ఏమంటాడో ముందే ఊహించే తీరికా ఉండదు.

తప్పు వెనక ఊహ ఉంటుందన్న మాటను భాషాబోధన శాస్త్రంలోకి తెచ్చినవాళ్ళలో పిట్ కోర్డర్ ముఖ్యుడు. 1967లో రాసిన వ్యాసంలో ఆయన నేర్చుకునేవాడి తప్పును వాడి మనసులో ఉన్న నియమానికి ఆనవాలుగా చూడమన్నాడు. అలా చూస్తే మన ‘యాంగ్రీ ఆన్ మీ’ చక్కగా అర్థమవుతుంది. తెలుగువాడికి కోపం ఎదుటివాడి మీద వస్తుంది, ఇంగ్లిష్‌వాడికి ‘విత్’ వస్తుంది. ‘డిస్కస్ అబౌట్’ వెనక మన ‘గురించి’ ఉంది. ‘టాక్ అబౌట్’, ‘డిస్కషన్ అబౌట్’ రెండూ సరైనవే కావడం వల్ల ఆ పొరపాటుకు ఇంగ్లిష్ నుంచి కూడా ఊతం దొరుకుతుంది. ‘రీచ్డ్ టు గుంటూరు’లో ఉన్నది ‘గుంటూరుకు’లోని ‘కు’. ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అంటే అచ్చంగా ‘అర్థమవుతోంది’. కానీ మాతృభాష అడ్డుపడిన చోట్లనే లెక్కపెట్టి, సాయపడిన చోట్లను వదిలేయడం అన్యాయం. మిరపకు, పత్తికి వాన మీద ఆధారపడినవాడు ‘డిపెండ్ ఆన్ ది రెయిన్’ అనడానికి కష్టపడనక్కర్లేదు. బస్సు కోసం చూసేవాడికి ‘వెయిట్ ఫర్’ దానంతటదే వస్తుంది.

ఉద్యోగాల దరఖాస్తుల్లో చివరి వాక్యం ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని ముగుస్తుంటుంది. ఇక్కడ దోషి ‘టు’. దానికి రెండు వేషాలున్నాయి. ఒకటి క్రియ ముందు నిలిచేది, రెండోది మన ‘కు’ లాగా నామవాచకం ముందు నిలిచేది. పాత ఇంగ్లిష్‌లో మొదటిది కూడా రెండోదాని నుంచే పుట్టింది గనుక పోలిక వింత కాదు. ఏ వేషంలో ఉందో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. క్రియ తీసేసి పండగ పేరు పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ చక్కగా ఉంది. అంటే ఇది నామవాచకాన్ని కోరే ‘టు’. అక్కడ క్రియ పెట్టాలంటే దాన్ని ‘మీటింగ్’ అని నామవాచకంలా మార్చాలి. ‘వాంట్ టు సంక్రాంతి’ కుదరదు కాబట్టి ‘వాంట్ టు మీట్’ సరిపోయింది. ఇదే ఉపాయం ‘యూజ్డ్ టు’కూ పనికొస్తుంది. ‘ఐ యూజ్డ్ టు ఈట్ చిల్లీస్’ అంటే ఒకప్పుడు మిరపకాయలు తినేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. ‘ఐ యామ్ యూజ్డ్ టు ఈటింగ్ చిల్లీస్’ అంటే అలవాటైపోయింది. గుంటూరు జిల్లాలో రెండోదాని అవసరమే ఎక్కువ.

ఈ పొందికలన్నిటినీ ఒక క్రమంలో పెట్టి నిఘంటువులోకి ఎక్కించే పని ఇంగ్లండులో జరగలేదు, జపాన్‌లో జరిగింది. ఎ.ఎస్. హార్న్‌బీ 1924లో అక్కడికి ఇంగ్లిష్ సాహిత్యం చెప్పడానికి వెళ్ళాడు. పిల్లలకు సాహిత్యం కంటే ముందు వాక్యం కావాలని గ్రహించి, టోక్యోలో హెరాల్డ్ పామర్ నడుపుతున్న ఇంగ్లిష్ బోధన పరిశోధనలో చేరాడు. గేటన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి నిఘంటువు పూర్తిచేసేసరికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1942లో టోక్యోలో కైతకుషా సంస్థ అచ్చువేసిన ఆ పుస్తకాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మళ్ళీ ప్రచురించారు. తర్వాత్తర్వాత అదే మన కళాశాల గ్రంథాలయాల్లో కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. హార్న్‌బీ క్రియల్ని 25 రకాల పొందికలుగా విడదీసి, ప్రతి క్రియ పక్కన అది ఏ రకమో గుర్తు వేశాడు. అర్థం కోసం నిఘంటువు తెరిచేవాళ్ళు ఆ గుర్తుల్ని దాటుకుని వెళ్ళిపోతారు. అందులో అసలు సరుకు ఉన్నది అక్కడ! మన దేశంలో ఇంగ్లిష్ బోధన సంగతి చూడటానికి 1958లో హైదరాబాదులో మొదలైన కేంద్ర ఆంగ్ల సంస్థ 1972లో సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయంగా మారింది. అది పుట్టిన కాలానికి ఇక్కడి పాఠాల్లో వ్యాకరణ సూత్రాల కంటే వాక్యాల నమూనాలకు గిరాకీ పెరిగింది. బోర్డు మీద నమూనా రాసి తరగతి చేత గొంతెత్తి పలికించడం ఆనాటి పద్ధతి. పొందిక నోటికి వచ్చేది, ఏ సందర్భంలో వాడాలో మాత్రం రాకపోయేది.

కంప్యూటర్లు వచ్చాక లెక్క ఇంకొంచెం తేలింది. బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ బృందం లక్షలాది వాక్యాలను కంప్యూటర్‌కు ఎక్కించి, వాటి ఆధారంగా 1987లో కోబిల్డ్ నిఘంటువును తెచ్చింది. అదే బాటలో 1996లో వచ్చిన క్రియల పొందికల పుస్తకం ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టింది: ఒకే పొందికను కోరే క్రియలు అర్థంలో కూడా గుంపులు కడతాయి. ‘దే టాక్డ్ హిమ్ ఇంటూ బైయింగ్ ది సీడ్’ అన్న వాక్యంలో ‘టాక్డ్’ తీసేసి ట్రిక్డ్, ఫోర్స్‌డ్, ప్రెషర్డ్ ఏది పెట్టినా నడుస్తుంది. మాటల్లో పెట్టి విత్తనాలు కొనిపించారు, మాయచేసి కొనిపించారు, బలవంతపెట్టి కొనిపించారు. ‘ఇంటూ... ఇంగ్’ చేసే పని మన ‘ఇపించు’ చేస్తోంది. గుంపు దొరికితే ఒక్కొక్క క్రియనూ విడిగా బట్టీ పట్టాల్సిన పని చాలా తగ్గుతుంది.

సింక్లెయిర్ ఇంకోమాట కూడా అన్నాడు. మనిషి ప్రతి వాక్యాన్నీ మాటమాటా పేర్చి కట్టడు, సగం సిద్ధంగా ఉన్న పదబంధాల్నే ఎక్కువగా వాడతాడు. టీ పెడతాం, కాఫీ కలుపుతాం, ఆవకాయ పెడతాం, పచ్చడి నూరుతాం. గిన్నెలు తోముతాం, బట్టలు ఉతుకుతాం. తెలుగు నేర్చుకునే పరాయివాడికి ఇవన్నీ ‘మేక్ ఎ మిస్టేక్’, ‘డూ హోమ్‌వర్క్’ అంత చికాకే. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, ‘పుట్ అవుట్’ అంటే ఆర్పడం, ‘పుట్ అప్ విత్’ అంటే భరించడం ఏమిటని విసుక్కునేవాళ్ళు మన చెయ్యిని ఒకసారి చూడాలి. చెయ్యిచ్చాడంటే మోసం చేశాడు, చేయిచేసుకున్నాడంటే కొట్టాడు, చెయ్యి చాచాడంటే అడుక్కున్నాడు, చేతులెత్తేశాడంటే ఇక తనవల్ల కాదన్నాడు. వీటిలో ఏ ఒక్కదానికీ విడి మాటల అర్థాలు కలిపితే మొత్తం అర్థం రాదు.

ఏది తప్పు, ఏది ప్రాంతీయ వాడుక అన్న తగవు ఒకటి మిగిలింది. తెలుగువాళ్ళు పరీక్ష రాస్తారు కాబట్టి ‘రైట్ ది ఎగ్జామ్’ అంటారు. బ్రిటన్‌లో ‘సిట్’ లేదా ‘టేక్’ అంటారు గనుక ఇది తప్పని కొట్టేసే ఉపాధ్యాయులున్నారు. కానీ కెనడాలోను, దక్షిణాఫ్రికాలోను కూడా పరీక్ష ‘రాస్తారు’, అక్కడ ఎవరూ ఎర్రసిరా పెట్టరు. ‘డిస్కస్ అబౌట్’ నైజీరియాలోను, సింగపూర్‌లోను వినిపిస్తుంది, అయినా నిఘంటువులు ఇంకా ఒప్పుకోలేదు. ‘ప్రీపోన్’ను మాత్రం ఆక్స్‌ఫర్డ్ నిఘంటువే భారతీయ వాడుకగా చేర్చుకుంది. విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాసేటప్పుడు ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ కొట్టేయడం మేలు. గుంటూరులో స్నేహితుడితో మాట్లాడేటప్పుడు దాని గురించి అంత బెంగ అక్కర్లేదు.