తెల్లపొగ, నేలమీది మరక: కొండ యెక్కుటకు ముందు కారును పరీక్షించు విధము

తిరుమల కొండమీదికి మోటారు బాట 1944లో ఏర్పడినది. అంతకు ముందు యాత్రికులు అలిపిరి మెట్లనో, శ్రీవారి మెట్లనో యెక్కవలసినదే. నడువలేనివారు డోలీలను ఆశ్రయించెడివారు. ఆ బాటకు ప్రణాళిక వేయుటలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి చేయి యున్నది. తరువాత రెండవ బాట కూడ వచ్చినది. నేడు వాహనములు క్రొత్త బాటను యెక్కి, పాత బాటను దిగుచున్నవి. ఒక్కొక్క బాట పొడవు పదునెనిమిది, పందొమ్మిది కిలోమీటర్లు మాత్రమే. కాని కొండ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తున నున్నది. మైదానమున నెలల తరబడి దాగియుండు లోపము ఈ కొద్ది దూరములోనే బయటపడుట అందువలననే.

ఈ విషయము పంచాయతీ సభ్యుల కెందుకని కొందరికి తోచవచ్చును. మన గ్రామములలో పుట్టువెంట్రుకలు తీయించుటకో, పెండ్లి మొక్కు చెల్లించుటకో పది కుటుంబములు కలిసి కారునో, జీపునో బాడుగకు మాట్లాడుకొని కొండకు పోవుట పరిపాటి. నడుమ బండి నిలిచిపోయినచో బాడుగ తగవు చివరకు సభ్యుని గుమ్మమునకే వచ్చును. పాతబండి కొన్నవాడు మోసపోయితినని వచ్చినను అంతియే. కావున తెల్లపొగయు, బండి క్రింద కారు ద్రవములును ఏమి తెలుపునో ఎరిగియుండుట సభ్యులకు ఉపయోగకరము.

మొదట భయపడనక్కరలేని పొగను గూర్చి చెప్పవలెను. పెట్రోలు మండినప్పుడు నీటియావిరి పుట్టును. ఒక లీటరు పెట్రోలు మండిన సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున బయటికి వచ్చును. మార్గశిర, పుష్య మాసముల చలిలో తెల్లవారుజామున ఇంజను నడిపినపుడు ఈ ఆవిరి చల్లని సైలెన్సరు గొట్టములో తగిలి, తెల్లగా కనబడి, గొట్టము చివర నీటిబొట్లుగా కూడ రాలును. ఇది పలుచగా నుండి, రెండు బారల దూరము పోకమునుపే గాలిలో కలిసిపోవును. ఇంజను వేడెక్కిన కొన్ని నిమిషములకు నిలిచిపోవును. దీనికి వైద్యము లేదు, అక్కరయు లేదు.

ఇంజను చక్కగా వేడెక్కిన పిమ్మటకూడ తెల్లపొగ దట్టముగా వచ్చుచు, బండి వెనుక మబ్బువలె వ్రేలాడుచు, తియ్యని వాసన వేయుచున్నచో అది వేరు సంగతి. ఇంజనును చల్లబరచు కూలెంటు, మంట మండు సిలిండరులోనికి చేరుచున్నదని దాని యర్థము. ఇంజను దిమ్మెకును, పైనుండు హెడ్డుకును నడుమ హెడ్ గాస్కెట్టు అను పలుచని రేకు కలదు. ఒకవైపు మంటను, ఒకవైపు నీటిని, మరియొకవైపు నూనెను వేరువేరుగా నిలుపునది అదియే. ఇంజను ఒక్కమారు మితిమీరి వేడెక్కినను హెడ్డు కొంచెము వంకరపోయి గాస్కెట్టు చెడవచ్చును. ఒక్కొక్కప్పుడు హెడ్డే పగులును.

నేను ప్రయాణము చేసిన ఒక జీపు సంగతి చెప్పెదను. ఉదయము బయలుదేరునప్పుడే వెనుక తెల్లగా పొగ వచ్చుచుండెను. "మంచు అయ్యా, కాసేపటికి పోతుంది" అనెను డ్రైవరు. నేనును నమ్మితిని. చంద్రగిరి దాటువరకు పోలేదు. చడావు మొదలుకాగానే వేడిముల్లు ఎఱ్ఱగీతకు చేరినది. డ్రైవరు బండి నాపి, తొందరలో బిందెడు చన్నీళ్లు కాలుచున్న ఇంజనులో పోసెను. పగిలినది గాస్కెట్టు మాత్రమే యైనచో స్వల్పముతో పోయెడిది. ఆ నీళ్లతో హెడ్డు కూడ బీటవారినది. మూడు వారముల ముందునుండి రోజును రేడియేటరులో నీళ్లు తగ్గుచున్నట్లు అతనికి తెలియును. బయట ఎక్కడను కారుట కనబడలేదు గనుక పట్టించుకొనలేదట. నీరు బయట కారకుండ తగ్గుచున్నదన్నచో లోపల కాలిపోవుచున్నదని గ్రహింపవలసియుండెను.

ఈ అనుమానము తీర్చుకొనుటకు యంత్రములు అవసరము లేదు. ఇంజను పూర్తిగా చల్లారియుండగా నూనె పోయు మూతను తీసి లోపలివైపు చూడవలెను. పాలమీగడవంటి, లేక పలుచని కాఫీవంటి జిగురు అంటియున్నచో నూనెలో నీరు కలిసినదని శంకింపవచ్చును. కేవలము దగ్గరి ప్రయాణములే చేయు బండిలో చలికాలమున మూతక్రింద కొంచెము నురుగు చేరుట కలదు. అది దోషము కాదు. డిప్‌స్టిక్కుకు అంటిన నూనెకూడ అట్లేయున్నచో సందేహింపనక్కరలేదు. చల్లని ఇంజను నడిపినవెంటనే రేడియేటరు రబ్బరు గొట్టము రాయివలె బిగిసినను, నీటిలో ఎడతెగక బుడగలు లేచినను సిలిండరు గాలి నీటిలోనికి వచ్చుచున్నదన్నమాట. అట్టి బండిని కొండకు తీసికొనిపోరాదు.

వేడి రేడియేటరు మూతను తీయరాదని పలువురెరుగుదురు, కారణము కొందరే యెరుగుదురు. కొండమీది యెత్తున మామూలు నీరు 97 డిగ్రీల సెంటిగ్రేడునకే మరగును. మూత ప్రెషరు కుక్కరు మూతవలె లోపలి ఒత్తిడిని నిలుపుటచేత రేడియేటరులోని నీరు 100 డిగ్రీలు దాటినను మరగక నిలుచును. మూత వదులు కాగానే ఒత్తిడి తగ్గి ఆ నీరంతయు ఒక్కసారిగా ఆవిరియై ముఖముమీదికి ఎగయును. కనుక ముల్లు ఎఱ్ఱగీతను తాకినచో ఎడమప్రక్కగా బండి నాపి, చక్రములవెనుక రాయిపెట్టి, ఇంజను కట్టివేసి, కనీసము అరగంట వేచియుండవలెను. ముల్లు ఎఱ్ఱగీతకు ఇంకను చేరనపుడైన ఏసీని ఆపి, హీటరును నడిపినచో కొంత వేడి బయటికి పోవును. ఎండకాలమున లోపలివారికిది శిక్షయే గాని ఇంజనుకు మేలు.

డీజిలు బండ్లకు మరియొక కారణము కలదు. ఇంధనము మండక ఆవిరిగా పోవునప్పుడుకూడ తెల్లపొగయే వచ్చును. అయితే అది తియ్యగా నుండదు. పచ్చి డీజిలు వాసనతో కన్నులు మండించును. చల్లని ఉదయమున వేడిప్లగ్గు పనిచేయకున్నను, ఇంజెక్టరు సరిగా చిమ్మకున్నను, సిలిండరులో ఒత్తిడి తగ్గినను ఇట్లు జరుగును. పంచాయతీ ట్రాక్టరుకును ఇదే లెక్క. నీలిపొగ నూనె కాలుటను, నల్లపొగ ఇంధనము హెచ్చుటనో గాలి చాలకుండుటనో తెలుపును.

ఇక కారు ద్రవములు. రాత్రి బండి నిలుపుచోట పాత అట్టముక్కనో, తెల్లకాగితమునో పరచి ఉదయము చూచుట చౌకయైన పరీక్ష. ఏసీ వాడినపిమ్మట బండి ముందుభాగమున కారు వాసనలేని తేటనీటితో పనిలేదు. ఆకుపచ్చగానో, గులాబిరంగుగానో, నారింజరంగుగానో జిగటతో తియ్యని వాసన వేయునది కూలెంటు. గోధుమరంగు మొదలు నలుపువరకు నుండునది ఇంజను నూనె. చిక్కగా, గంధకపు వాసనతో నుండునది గేరునూనె. ఎఱ్ఱనిది తరచుగా స్టీరింగుదో, ఆటోమేటిక్ గేరుదో అగును.

అన్నిటిలోను బ్రేకు ఆయిలును గూర్చి ఎక్కువగా చెప్పవలెను. ఇది లేత పసుపుగానుండి, వ్రేళ్లకు జారుడుగా తోచును. రంగుపైబడిన రంగును లేపును. చక్రముల లోపలివైపునగాని, బ్రేకు పెడలు మొదటగాని తడి కనబడినచో ఆ బండిని కొండకే కాదు, సంతకుకూడ నడపరాదు. కారకున్నను పాతబడిన బ్రేకు ఆయిలు ప్రమాదకరమే. అది గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరినకొలది తక్కువ వేడికే మరగును. పాత ఘాటు బాటను దిగునప్పుడు మలుపుమలుపునకు బ్రేకు నొక్కినచో ఆయిలు మరగి గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. పెడలు నేలవరకు పోయినను చక్రము ఆగదు. దిగునప్పుడు చక్రములయొద్ద తెల్లపొగ, కాలిన వాసన వచ్చుట దీనికి ముందరి హెచ్చరిక. దిగుటలో రెండవ గేరునగాని, మొదటి గేరునగాని ఉండి ఇంజనుచేతనే వేగమును పట్టవలెను. న్యూట్రలు వేయుట పెట్రోలు మిగిల్చునని చెప్పు డ్రైవరును మార్చుకొనవలెను. ఈ ఆయిలును రెండేండ్లకొకమారు మార్చుట మంచిది.

మన ప్రాంతపు బోరునీటిని గూర్చి ఒక మాట. లవణములు హెచ్చుగానుండు ఈ నీరు కుండలో కాచినచో అడుగున తెల్లని పొర కట్టునుగదా. రేడియేటరు సన్నని గొట్టములలోను అట్లే కట్టి, చల్లదనమును తగ్గించును. కూలెంటునకు శుద్ధజలమునే కలుపవలెను. దారిలో గత్యంతరములేక బోరునీరు పోసినచో ఇంటికి వచ్చి తీసివేయవలెను.

కూలెంటులో ఇథిలీన్ గ్లైకాలు అను విషపదార్థము కలదు. తియ్యగా నుండుటచేత కుక్కలు, దూడలు నాకును. కొద్దిపాటిది చాలును ప్రాణము తీయుటకు. కూలెంటు మార్చిన నీటిని వీధి కాలువలోగాని, పశువుల తొట్టి దరిని గాని పారబోయక, డబ్బాలో పట్టి మెకానిక్కు కప్పగింపవలెను. నేల మీద పడినదానిపై మట్టినో, రంపపుపొట్టునో చల్లి ఎత్తివేయవలెను. పాత ఇంజను నూనెను బావి దరిని పోయు అలవాటు కొన్ని గ్రామములలో ఇంకను ఉన్నది. దానిని గూర్చి గ్రామసభలో ఒక్కమారు మాట్లాడుట సభ్యులకు కష్టము కాదు.