తల్లి దిగులు – బిడ్డ ఎదుగుదల

కొన్ని సంవత్సరముల క్రితము మా పాస్టరేటులోని ఒక గ్రామములో ఒక కోడలికి రెండవ కాన్పు అయింది. మొదట ఆడపిల్ల, మరల ఆడపిల్లే. ఆమెకు తల్లి లేదు గనుక పురుడు అత్తవారింటనే జరిగింది. నలభై రోజులు నిండిన తరువాత కృతజ్ఞత ప్రార్థనకు పిలిస్తే వెళ్ళాము. బాలింత గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. బిడ్డ నాయనమ్మ ఒడిలో ఉంది. దాని ఏడుపు కూడ పిల్లికూన అరిచినట్లు సన్నగా ఉంది.

"అయ్యగారూ, దీనికి పాలు పడటం లేదు. పొద్దస్తమానం ఏడుస్తా కూర్చుంటది. విశ్వాసం చాలదు. మీరు గట్టిగా ప్రార్థన చెయ్యండి" అన్నది అత్తగారు.

మేము ప్రార్థన చేశాము. అంతటితో ఆగితే బాగుండేది. ఆడపిల్ల కూడ దేవుడిచ్చిన స్వాస్థ్యమేనని, ఇచ్చిన దానికి ఏడ్చుట కృతజ్ఞత కాదని ఆ అమ్మాయికి బుద్ధి చెప్పాము. ఆమె తల ఊపింది. భోజనము చేసి ఇంటికి వచ్చేశాము.

మూడు వారముల తరువాత ఆ ఊరి ఏ.ఎన్.ఎం. అమ్మ టీకా వేయడానికి వచ్చి బిడ్డను తూచింది. పుట్టినప్పుడు 2 కిలోల 300 గ్రాములున్న బిడ్డ, రెండు నెలలు దాటినా 3 కిలోలకు చేరలేదు. ఆమె బిడ్డను పక్కన పెట్టి తల్లిని అడిగింది: "నీకు రాత్రి నిద్ర పడుతుందా అమ్మా?" ఆ ఒక్క ప్రశ్నకు ఆ అమ్మాయి కట్టలు తెంచుకుని ఏడ్చిందట. బిడ్డ నిద్రపోయినా తనకు కన్ను మూతపడదని, అన్నము సయించదని, రెండుసార్లు బావి దగ్గరకు వెళ్ళి తిరిగి వచ్చానని చెప్పిందట. ఆ నర్సమ్మే వెంటబెట్టుకుని పట్నములోని ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. వైద్యము జరిగింది. కొన్ని నెలలకు ఆమె కోలుకున్నది, బిడ్డా తేరుకున్నది.

ఈ సంగతి విన్న రాత్రి మాకు ఏలీ యాజకుడు గుర్తుకు వచ్చాడు. షిలోహులో హన్నా మనస్సు నొచ్చి, అన్నము మాని, పెదవులు మాత్రము కదలుచు ప్రార్థించుచుండగా, ఆయన ఆమెను త్రాగినదనుకొని గద్దించాడు (1 సమూయేలు 1వ అధ్యాయము). మందిరములో ఉన్నవానికే ఆమె దుఃఖము కనబడలేదు. అయితే ఆమె సంగతి చెప్పగానే ఏలీ మాట మార్చుకున్నాడు. మాకు ఆ పాటి బుద్ధి రావడానికి ఒక నర్సమ్మ కావలసి వచ్చింది.

అప్పటినుండి ఈ విషయమును గూర్చి వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్నది పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మరియ వందనవచనము వినగానే ఎలీసబెతు గర్భములోని శిశువు ఆనందముతో గంతులు వేసెనని లూకా సువార్తలో చదువుతాము. తల్లి సంతోషములో కడుపులోని బిడ్డకు పాలు ఉన్నప్పుడు తల్లి భయములో లేకుండునా? మనము భయపడినప్పుడు, బాధపడినప్పుడు శరీరములో కార్టిసాల్ అనే పదార్థము ఎక్కువగా ఊరుతుంది. అది చెడ్డది కాదు, అవసరమే. దానిలో అధిక భాగము బిడ్డను చేరకుండ మాయ అడ్డుకొని, దాని శక్తిని తీసివేస్తుంది. సృష్టికర్త పెట్టిన కంచె అది. కాబట్టి ఒకనాటి కోపము, ఒక పూట కన్నీరు బిడ్డను పాడుచేయవు. గర్భిణులు ఈ మాట చదివి దిగులుపడవద్దు. కాని నెలల తరబడి భర్త దెబ్బలు, తిండికి కరువు, అప్పులవాళ్ళ కేకలు, ఈసారి కూడ ఆడపిల్లయితే పుట్టింటికి పో అనే బెదిరింపు – ఇలాంటివి ఎడతెగక ఉంటే ఆ కంచె బలహీనపడవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. నెలలు నిండక ముందే కాన్పు అగుట, బిడ్డ తక్కువ బరువుతో పుట్టుట అట్టి తల్లులలో ఎక్కువ. తక్కువ బరువుకు రక్తహీనత, చిన్నవయస్సు పెండ్లి, ఎడము లేని కాన్పులు కూడ కారణములే. అన్నిటికీ దిగులే కారణమని మేము అనుట లేదు.

కడుపులోని కాలము జీవితమంతా వెంటాడుతుందనుటకు చరిత్రలో ఒక కఠినమైన సాక్ష్యమున్నది. రెండవ ప్రపంచ యుద్ధము చివర, 1944–45 చలికాలములో, జర్మను సైన్యము హాలెండు దేశపు పడమటి భాగమునకు ఆహారము రాకుండ అడ్డగించింది. రేషను రోజుకు వెయ్యి కేలరీలకంటె తక్కువకు పడిపోయింది. సుమారు ఇరవై వేలమంది చనిపోయారు. ఆ కరువులో గర్భవతులైన స్త్రీలకు పుట్టిన బిడ్డలను పరిశోధకులు దశాబ్దముల తరువాత వెదకి పరీక్షించారు. గర్భము తొలి నెలలలో కరువు తగిలినవారికి పెద్దవయస్సులో గుండెజబ్బు ఎక్కువగా వచ్చినట్లు కనుగొన్నారు. వారిలో ఎందరో కరువు తీరిన తరువాత మామూలు బరువుతోనే పుట్టినవారు!

మన దేశములో ఇట్టి సాక్ష్యమిచ్చినది ఒక మిషను ఆసుపత్రి అని చెప్పుటకు మాకు సంతోషముగా ఉంది. మైసూరులోని సి.ఎస్.ఐ. హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1934 నుండి పుట్టిన ప్రతి బిడ్డ బరువు, పొడవు, తల కొలత నర్సులు శ్రద్ధగా పుస్తకములలో వ్రాసి ఉంచారు. ఎవరి మెప్పు కోసమో వ్రాసినది కాదు. ఆ పాత పుస్తకముల ఆధారముగా, అక్కడ 1934–1954 మధ్య పుట్టి అదే ఊరిలో ఉంటున్న పెద్దవారిని వైద్యులు వెదకి పరీక్షించారు. 1996లో ప్రకటించిన ఫలితము: తక్కువ బరువుతో పుట్టినవారిలో గుండెజబ్బు ఎక్కువ.

ఇక పుట్టిన తరువాతి సంగతి. అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే శాస్త్రవేత్త 1978లో ప్రకటించిన ఒక ప్రయోగము మా మనస్సులో నిలిచిపోయింది. తల్లి బిడ్డతో కాసేపు ఆడుతుంది. తరువాత కొద్ది నిమిషములు ముఖములో ఏ భావము లేకుండ, మాట్లాడకుండ బిడ్డ ఎదుట కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది. తల్లి నవ్వదు. బిడ్డ చేతులు చాపుతుంది, కేక వేస్తుంది. చివరకు ముఖము తిప్పుకొని నీరసముగా కూర్చుంటుంది. తల్లి తిరిగి నవ్వగానే బిడ్డ కోలుకుంటుంది. ఇది కొద్ది నిమిషముల మాట. గోడవైపు తిరిగి కూర్చున్న బాలింత బిడ్డకు రోజులు, వారములు ఇదే అనుభవము. పలకరిస్తే ఊఁ కొట్టుట, ఎత్తుకొని ఊసులాడుట ముద్దు కోసమే కాదు, బిడ్డ మెదడుకు అది కూడ ఆహారమే.

గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందము 2002లో ప్రకటించిన పరిశోధనలో ప్రసవమైన ఆరు నుండి ఎనిమిది వారములకు నూటికి 23 మంది తల్లులు ఇట్టి కృంగుదలలో ఉన్నట్లు తేలింది. పేదరికము, భర్తతో సఖ్యత లేకపోవుట, మగబిడ్డను కోరిన ఇంట ఆడపిల్ల పుట్టుట దానికి తోడైన కారణములు. ఆ తల్లుల బిడ్డలు ఆరు నెలలకు బరువులోను, పొడవులోను వెనుకబడి ఉన్నారు. తల్లిని కృంగదీసినది ఇంటిలోని మాటలయినప్పుడు, ఆ తల్లినే పట్టుకొని "నీ ఏడుపు వల్లే పిల్ల చిక్కిపోయింది" అనుట ఏ న్యాయము?

కాన్పు అయిన మూడవ, నాల్గవ రోజున కారణము లేకుండ ఏడుపు వచ్చి, పది పదిహేను రోజులలో తగ్గిపోవుట చాలమందికి సహజమే. రెండు వారములు దాటినా దిగులు, నిద్రలేమి, బిడ్డపై మనస్సు పోకపోవుట ఉంటే వైద్యునికి చూపించాలి. ఇక ఎవరో పిలుస్తున్నట్లు మాటలు వినబడుట, బిడ్డను గూర్చి వింతగా మాట్లాడుట, రాత్రులు నిద్రలేక తిరుగుట కనబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. దయ్యము పట్టిందని పచ్చి బాలింతను రాత్రంతా కూర్చోబెట్టి ప్రార్థించిన సందర్భములు మన మధ్య ఉన్నవి. దారిలో కూడ ప్రార్థించవచ్చును, ముందు ఆటో పిలవండి. గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఉపవాస కూటములలో ఉపవాసముండనక్కరలేదని మా సంఘములో బహిరంగముగానే చెప్పుచున్నాము. దీనిపై ఇద్దరు ముగ్గురు పెద్దలకు మాపై అభ్యంతరమున్నది. ఉండనివ్వండి. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవుని దూత మొదట ఇచ్చినది ప్రసంగము కాదు, కాల్చిన రొట్టె, నీళ్ళు, మరల నిద్ర.

దీనికి పెద్ద చదువులే కావాలని లేదు. పాకిస్తానులోని రావల్పిండి ప్రాంతపు పల్లెలలో, ఇంటింటికి తిరిగే మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, కృంగిన గర్భిణులను, బాలింతలను పలకరించే పని అప్పగించారు. ఇంటివారిని కూడ ఆ మాటలలో కలుపుకొన్నారు. 2008లో వచ్చిన ఫలితములలో, ఆరు నెలలకు ఇట్టి సహాయము పొందినవారిలో నూటికి 23 మంది, పొందనివారిలో 53 మంది ఇంకా కృంగుదలలో ఉన్నారు. ఆ బిడ్డలకు విరేచనములు తగ్గినవి, టీకాలు సరిగా పడినవి. తండ్రులు కూడ బిడ్డలతో ఎక్కువసేపు ఆడారట. బరువులో మాత్రము పెద్ద తేడా రాలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి గదా.

మన ఊళ్ళలో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఉన్నారు. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చును. తల్లి మాట్లాడలేకపోతే ఇంటివారే చేయవచ్చును.

మా సంఘపు స్త్రీల సమాజము వారు ఇప్పుడు ప్రతి బాలింత ఇంటికి మొదటి రెండు నెలలు వారానికి ఒకసారి వెళ్ళుచున్నారు. వాక్యము చదువుట తరువాత. ముందు ఒకరు అన్నము వండుతారు, ఒకరు పెద్దపిల్లను ఆడిస్తారు, ఒకరు బిడ్డకు నీళ్ళు పోస్తారు. ఆ గంట సేపు తల్లి పడుకుంటుంది. మేము వెళ్ళినప్పుడు భర్తను బయట అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడుతాము. త్రాగేవాడైతే ఆ మాటలు కొంచెము పొడవవుతాయి.

ఆనాడు గోడవైపు తిరిగి కూర్చున్న అమ్మాయి ఇప్పుడు ఆ స్త్రీలలో ఒకరు. ఆమె చిన్నకూతురు బడికి వెళ్ళుచున్నది. ఎవరింటికి వెళ్ళినా ఆమె చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి, బాలింత పక్కన కూర్చుని, మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "రాత్రి నిద్ర పట్టిందా చెల్లీ?"