నడిపితే జీపు.. నిలబెడితే తుక్కు

* సౌకార్‌పేట సందుల్లో పాత ఫోర్‌వీల్ బండ్ల కాపురం
* ఎలుకలు, ఉప్పుగాలి, వాన నీళ్లతో నిత్యం పోరు
* ఇరవై ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్‌కు పది వేలు

చెన్నై, సౌకార్‌పేట: ఆదివారం తెల్లవారుజాము ఐదు గంటలు. వారం మొత్తంలో ఇక్కడ రోడ్డు రోడ్డులా కనిపించేది ఆ ఒక్క పూటే. తోపుడు బండ్లుండవు. మూటలు మోసే హమాలీలుండరు. మింట్ స్ట్రీట్ నుంచి గోవిందప్ప నాయకన్ వీధి దాకా షట్టర్లన్నీ దించే ఉంటాయి. పాత జీపును బయటికి తీయాలంటే ఇదే అదను. ఎండెక్కితే సందు మూసుకుపోతుంది. ఆ తర్వాత జీపు కాదు కదా, సైకిలు దూరడమూ కష్టమే.

'ఏమండీ, ఇంకా దీన్ని అమ్మలేదా?' పక్క అంగడి సేట్ పలకరింపు. 'అమ్మితే మళ్లీ దొరకదు సేట్.' జీపున్న ఇంటాయన జవాబు. పాత బండి ఉన్న ఏ గుమ్మం ముందైనా వినిపించే మాటలే ఇవి.

షావుకార్ల పేట గనుక సౌకార్‌పేట అయింది. షావుకారు లెక్క వేస్తే మాత్రం పాత జీపు ఎక్కడా గిట్టదు. మైలేజీ తక్కువ. ఏసీ లేదు. వానొస్తే టాపు కారుతుంది. పెట్టుకోవడానికి చోటు లేదు. అయినా సరే, సరిహద్దుకు అవతల పొలమో మామిడి తోటో ముసలి తల్లిదండ్రులో ఉన్న తెలుగు కుటుంబాలు దాన్ని అంత తేలిగ్గా వదులుకోవు. సత్యవేడు, నాగలాపురం వైపు పల్లెల్లో బస్సు రాని ఊరికి ఒకప్పుడు జీపే బస్సు. లోపల పది మంది, వెనక వేలాడుతూ మరో నలుగురు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్లకు అది వాహనం కాదు, ఇంటి మనిషి.

ఆ ఇంటి మనిషికి పట్టణంలో వచ్చే జబ్బు ఒక్కటే. ఊరికే నిలబడటం.

యుద్ధం నుంచి పొలానికి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టింది విల్లీస్ జీపు. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ 1947లో ఈ జీపులను ఇక్కడకు తెచ్చి బిగించడం ప్రారంభించింది. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. తర్వాతి రోజుల్లో పేరు తెచ్చుకున్న ఎంఎం 540లో ప్యూజో డీజిల్ ఇంజను ఉండేది. 2112 సీసీ. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. ముందు 970 సీసీ పెట్రోలు ఇంజను, 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్. 2019 నాటికి మామూలు కొనుగోలుదారులకు అదీ ఆగిపోయింది.

ఇప్పుడు సందుల్లో కనిపించే పాత ఫోర్‌వీల్ బండ్లు ఎక్కువగా ఈ రెండు వంశాలవే. జీపులా కనిపించిన ప్రతిదీ ఫోర్‌వీల్ డ్రైవ్ కాదన్నది గుర్తుంచుకోవాలి. కమాండర్, మేజర్ వంటి వాటిలో వెనక చక్రాలు మాత్రమే లాగేవి చాలా ఉన్నాయి. గేరు రాడ్డు పక్కన మరో చిన్న రాడ్డు ఉందా, ముందు ఇరుసుకు గుండ్రటి డిఫరెన్షియల్ బుడిపె ఉందా చూస్తే తెలిసిపోతుంది.

ఎలుక కొరికితే నాలుగు వేలు

తిరిగే బండికి పుస్తకంలో కిలోమీటర్ల లెక్క రాసి ఉంటుంది. ఇన్ని వేలకు ఆయిలు, ఇన్ని వేలకు ఫిల్టరు అని. నెలకు వంద కిలోమీటర్లు కూడా తిరగని సౌకార్‌పేట బండికి ఆ లెక్క పనికిరాదు. దానికి క్యాలెండరే లెక్క. తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఇంజను ఆయిలు మార్చాలి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి తీసేయాలి. లేదంటే వీల్ సిలిండర్లు లోపలే తుప్పు పట్టి బిగుసుకుంటాయి. పెడల్ తొక్కితే బండి ఆగుతుంది గానీ వదిలితే కదలదు.

నిలబడిన బండిలో రబ్బరు సీళ్లు ఎండి చిట్లుతాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరి డీజిల్‌లో నీళ్లు కలుస్తాయి. బంగాళాఖాతం కూతవేటు దూరంలో ఉండటంతో ఉప్పుగాలి ఛాసిస్‌ను, ఫ్లోరును నెమ్మదిగా తినేస్తుంది. వీటన్నింటికీ తోడు ఎలుకలు. పప్పుల గోదాములు, కిరాణా అంగళ్లు ఉన్న పేటలో వాటికి కొదవా? రాత్రికి రాత్రి వైరింగ్ కొరికేస్తే ఎలక్ట్రీషియన్ కూలీ, కొత్త వైర్లు కలిపి మూడు నాలుగు వేలు వదులుతాయి. బానెట్ కింద గుడ్డ పీలికలు, కాగితాలు, తిండి ముక్కలు లేకుండా చూసుకోవడమే మొదటి మందు.

చాలామంది చేసే తప్పు ఇంకోటుంది. రోజూ ఇంటి ముందే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కదు. సైలెన్సర్‌లో చేరిన తేమ ఆరదు. స్టార్టర్ తాగిన కరెంటు బ్యాటరీకి తిరిగి చేరదు. వారానికోసారైనా అరగంట రోడ్డు మీద తిప్పాలి. గేరు బాక్సు, ఇరుసులు, బేరింగులు అన్నీ కదిలినప్పుడే వాటికి నూనె అందుతుంది.

నాలుగు చక్రాల పని ఎక్కడ?

అసలు చిక్కు ఇక్కడుంది. బండికి ఆ పేరు తెచ్చిన ఫోర్‌వీల్ రాడ్డును సౌకార్‌పేటలో వేయకూడదు.

ఈ పాత బండ్లలో రాడ్డు వేయగానే ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి బిగిసిపోతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరగాలి. మట్టిలో, ఇసుకలో చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద జారదు. ఆ ఒత్తిడంతా గేర్ల మీద, యూజే క్రాసుల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. రాడ్డు మళ్లీ వెనక్కి రానని మొండికేస్తుంది. అదే పనిగా తిప్పితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది.

అలాగని ఏళ్ల తరబడి వేయకపోయినా ముప్పే. వాడని రాడ్డు తుప్పు పట్టి కదలదు. ముందు ఇరుసు గేర్లకు నూనె పూత ఆరిపోతుంది. చక్రం మధ్యలో చేత్తో తిప్పే హబ్ లాక్ ఉన్న బండ్లలో అదీ బిగుసుకుంటుంది. నెలకోసారి నాలుగైదు కిలోమీటర్లు మట్టిదారిలో వేసి నడపాలి. ఆ మట్టిదారి కావాలంటే సరిహద్దు వైపు వెళ్లాల్సిందే.

అందుకే ఆదివారం ప్రయాణం. బేసిన్ బ్రిడ్జి, మూలకడై, మాధవరం, రెడ్‌హిల్స్ దాటాక జనప్పన్‌సత్రం దగ్గర ఎడమకు తిరిగితే పెరియపాళయం, ఊత్తుకోట మీదుగా సురుటుపల్లి, నాగలాపురం. నేరుగా వెళ్లి కవరైపేట దగ్గర మళ్లితే సత్యవేడు. స్వామి దర్శనం, పొలం చూసుకోవడం, బండికి కసరత్తు.. ఒకే పెట్రోలు ఖర్చుతో మూడు పనులు.

నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఒకేలా అరిగినవి ఉండాలన్నది మరవొద్దు. రెండు కొత్తవి, రెండు పాతవి వేసి ఫోర్‌వీల్‌లో నడిపితే మట్టిలో సైతం గేర్లకు శిక్షే. టైరు అరగలేదని మురిసిపోవడమూ ప్రమాదమే. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. రబ్బరుకు వయసుంటుంది.

యాభై, అరవై వేగంలో గుంత తగలగానే స్టీరింగ్ గడగడా వణికితే కమాన్ పట్టీల మీద నెపం వేసి ఊరుకోకూడదు. కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు చూపించాలి. షాకిళ్లకు, యూజేలకు, కింగ్‌పిన్లకు గ్రీజు గన్ పట్టడానికి పట్టేది గంటసేపు. ఆ గంట బద్ధకించినందుకే వేలు వదిలేది.

నీళ్లొస్తే తాళం తిప్పొద్దు

2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను.. రెండూ ఉత్తర చెన్నైని ముంచాయి. 'జీపు కదా, ఎత్తుగా ఉంటుంది, ఏమీ కాదులే' అన్న ధీమా అప్పుడు చాలామందికి ఖరీదైంది.

ఇరుసులకు, గేరు బాక్సుకు గాలి వదిలే చిన్న బ్రీదర్లుంటాయి. వేడి మీదున్న ఇరుసు నీళ్లలో దిగితే ఒక్కసారిగా చల్లబడి ఆ దారినే, అరిగిన సీళ్ల గుండా నీటిని లోపలికి పీలుస్తుంది. వారం తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పి చూస్తే ఆయిలు మజ్జిగలా తెల్లగా వస్తుంది. అలాగే నడిపితే క్రౌన్ పినియన్, బేరింగులు పోతాయి. చక్రాల మధ్య దాకా నీళ్లొచ్చిన బండికి ముందు, వెనక ఇరుసులు, గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు.. నాలుగింటి ఆయిలూ చూడాల్సిందే.

నీరు ఎయిర్ క్లీనర్ దాకా వచ్చిందన్న అనుమానముంటే తాళం అసలు తిప్పకూడదు. నీటిని పిస్టన్ నొక్కలేదు. కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బ్యాటరీ వైరు విప్పేసి మెస్త్రీకి కబురు పెట్టడమే దారి. డ్రమ్ బ్రేకులు తడిస్తే కాసేపు పట్టవు, లేదా బండిని ఒక పక్కకు లాగేస్తాయి. నెమ్మదిగా పోతూ పెడల్‌ను తేలిగ్గా తొక్కుతూ ఆరబెట్టుకోవాలి. రేడియేటర్‌లో మాత్రం వాన నీళ్లకన్నా ఉప్పు బోరు నీళ్లే పెద్ద శత్రువు. కూలెంటు కలిపిన శుద్ధమైన నీళ్లే పోయాలి.

పెట్రోలు జిప్సీలకు కొత్త తలనొప్పి ఇథనాల్. ఇరవై శాతం కలిపిన పెట్రోలే బంకుల్లో దొరుకుతోంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు దానికి తట్టుకునేవి కావు. పెట్రోలు వాసనొస్తే ఆలస్యం చేయకుండా మార్చేయాలి.

పుదుపేట ఉందిలే..

సామానుకు సౌకార్‌పేట వాసులకు దిగుల్లేదు. బేరింగులు, బోల్టులు, పైపులు జార్జిటౌన్ హార్డ్‌వేర్ వీధుల్లోనే దొరుకుతాయి. కొత్త స్పేర్లకు జనరల్ పాటర్స్ రోడ్డు. పాత సామానుకు పుదుపేట. మూడూ నాలుగైదు కిలోమీటర్ల లోపే. పుదుపేటకు వెళ్లేటప్పుడు విప్పిన పాత ముక్కను చేతిలో పట్టుకెళ్లాలి. ఒకే పేరు బండికి ఏడాదికో రకం సామాను రావడంతో, నోటి మాటతో అడిగితే రెండుసార్లు తిరగడం ఖాయం. బ్రేకు, స్టీరింగ్ సామాను మాత్రం పాతది కొనకపోవడమే మంచిది.

సామాను దొరికినా చెయ్యి దొరకడం కష్టంగా ఉంది. చప్పుడు విని 'ఇది యూజే కాదన్నా, పినియన్' అని చెప్పే మెస్త్రీలు ముసలివాళ్లయ్యారు. కంప్యూటర్ తగిలించి లోపం చదివే కుర్రాళ్లకు ఈ బండిలో తగిలించడానికి చోటే లేదు. కింగ్‌పిన్‌కు షిమ్ములు సర్దడం, డీజిల్‌కు ఎయిర్ పడితే పంపుతో తీయడం వంటివి యజమాని పక్కన నిలబడి నేర్చుకోక తప్పదు.

కాగితాలూ విడిభాగాలే

వ్యక్తిగత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారు, జీపులకు ఆరు వందలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి ఐదు వేలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో పది వేలు చేశారు. ఆలస్యమైతే నెలనెలా అదనం. తమిళనాడులో హరిత పన్ను వేరే. గడువు దాటిన కాగితాలతో తిరిగి ప్రమాదం జరిగితే బీమా సొమ్ముకూ చిక్కే.

2021లో కేంద్రం తెచ్చిన తుక్కు విధానంతో జీపులన్నీ పోతాయని పుకార్లు లేచాయి. ఢిల్లీ ప్రాంతపు వయసు నిబంధన వేరు. ఇక్కడ వయసు నిండిందని కాదు, పరీక్షలో తప్పితేనే బండికి గండం. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ సౌకర్యం 2021 నుంచి ఉంది.

రూపం మార్చడం మరో ఉచ్చు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండ్లను రిజిస్టర్ చేయరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కొనేముందు ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో సరిపోలాలి. ఆర్‌సీలో టూవీల్ మోడల్ ఉండి కింద ఫోర్‌వీల్ ఇరుసు కనిపిస్తే బేరం మానుకోవాలి. తమిళనాడు బండిని ఆంధ్రలో శాశ్వతంగా ఉంచాలంటే ఇక్కడి నుంచి ఎన్‌వోసీ తీసుకోవాలి. పన్నెండు నెలలు దాటితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, పన్ను తప్పవు. ఈ ఖర్చు ముందే లెక్కేయకుండా 'ఊళ్లో తమ్ముడికి ఇచ్చేద్దాంలే' అనుకున్నవాళ్లకు తర్వాత తల ప్రాణం తోకకొస్తుంది.

ఉంచాలా.. ఇచ్చేయాలా?

పది వేల రుసుము వచ్చాక చాలా ఇళ్లలో ఇదే చర్చ. జవాబు డబ్బులో లేదు. గత ఆరు నెలల్లో ఎన్ని ఆదివారాలు బండి తీశారన్నదే అసలు లెక్క. పది కన్నా ఎక్కువైతే నిశ్చింతగా రెన్యూవల్ చేయించుకోవచ్చు. తిరిగే బండి చిన్న చిన్న రోగాలు చూపించి వందల్లో బాగవుతుంది. ఒక్కటీ లేకపోతే, కవరు కప్పి పూలదండ వేసి ఉంచడం కన్నా నడిచేవాళ్ల చేతికి ఇవ్వడమే మంచిది. ఏడాది ఆలస్యం చేస్తే వాళ్లూ కొనరు. పుదుపేటలో కిలో లెక్కన తూస్తారు.

ఖాతా పుస్తకం లేని అంగడి సౌకార్‌పేటలో ఉండదు. జీపుకూ ఒకటి పెట్టాలి. ఏ తేదీన ఏ ఆయిలు, ఎక్కడ కొన్న ఏ సామాను, ఎప్పుడు మట్టిలో నడిపింది. ఉంచుకుంటే మెస్త్రీకి, అమ్మితే కొనేవాడికి అదే సాక్ష్యం. మధ్యాహ్నానికి నాగలాపురం మట్టి పూసుకుని తిరిగొచ్చిన జీపు మళ్లీ సందు చివర ఒదిగింది. కింది భాగం కడిగి, బానెట్ ఎత్తి ఆరబెట్టారు. పుస్తకంలో ఒక వరస చేరింది. పక్క అంగడి సేట్ ఈసారి అమ్మకం మాట ఎత్తలేదు. 'వచ్చే వారం మా వాడినీ తీసుకెళ్లండి' అన్నాడు.