‘నా కథ కొట్టేశారు’.. గొరిల్లా గేమ్ కేసులో కోర్టు ఏం తేల్చిందంటే!

పెద్ద సినిమా టీజర్ వచ్చిందంటే చాలు.. ‘అది నా కథే’ అంటూ ఎవరో ఒకరు బయటికి రావడం ఫిల్మ్‌నగర్‌లో కొత్తేం కాదు. మరి స్ఫూర్తి ఎంతవరకు? కాపీ ఎక్కడి నుంచి? దీనికి మంచి ఉదాహరణ పాత ఆర్కేడ్ వీడియో గేముల్లో దొరుకుతుంది.

1981లో అమెరికాకు పంపిన ‘రాడార్ స్కోప్’ గేమ్ మెషీన్లు అమ్ముడుపోక నింటెండో తల పట్టుకుంది. వాటిలోకి కొత్త గేమ్ తయారుచేసే పని షిగెరు మియమోటో అనే కుర్ర ఆర్టిస్టుకు అప్పగించింది. ముందు పొపాయ్ క్యారెక్టర్లు అనుకున్నారు. హక్కులు దొరకలేదు. దాంతో విలన్ ప్లేస్‌లోకి గొరిల్లా, హీరో ప్లేస్‌లోకి ఓ కార్పెంటర్ వచ్చారు. అమ్మాయిని ఎత్తుకెళ్లిన గొరిల్లా పైనుంచి పీపాలు దొర్లిస్తుంటే, హీరో వాటి మీద నుంచి దూకుతూ పైకి ఎక్కాలి. అదే ‘డాంకీ కాంగ్’. ఆ కార్పెంటరే తర్వాత మన మారియో అయ్యాడు.

గేమ్ సూపర్ హిట్. వెంటనే 1982లో హాలీవుడ్ సంస్థ యూనివర్సల్ కోర్టుకెక్కింది. ‘కింగ్ కాంగ్’ను వాడుకున్నారన్నది దాని ఆరోపణ. ఇక్కడే అసలు ట్విస్ట్.. ‘కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదు’ అని అంతకుముందు మరో కేసులో వాదించి గెలిచింది ఇదే యూనివర్సల్! కేసు నిలబడలేదు. గొరిల్లా, అమ్మాయి, కాపాడే హీరో ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావని, నవ్వించే గేమ్‌కూ ఆ సీరియస్ సినిమాకూ పోలికే లేదని 1984లో అప్పీలు కోర్టు కూడా తేల్చేసింది.

అలాగని ఏదైనా దింపేసుకోవచ్చని కాదు. 1982లోనే ‘ప్యాక్‌మ్యాన్‌’ను పోలిన ‘కె.సి. మంచ్‌కిన్’ అమ్మకాలకు అమెరికా కోర్టు బ్రేక్ వేసింది. సందుల్లో తిరుగుతూ చుక్కలు తినే ఆట ఎవరైనా చేయొచ్చు. కానీ ఆ నోరు తెరిచే బొమ్మ, వెంటపడే దెయ్యాల తీరు తీసుకోవడం మాత్రం కుదరదంది.

మన దగ్గరా రూల్ దాదాపు ఇదే. ‘న్యూఢిల్లీ’ సినిమాపై ‘హమ్ హిందుస్తానీ’ నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఐడియాకు, థీమ్‌కు, ప్లాట్‌కు కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని స్పష్టం చేసింది. నాటక రచయిత ఓడిపోయారు.

జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో నోటితో ‘లైన్’ చెప్పి వచ్చే కొత్త రైటర్‌కు చిక్కంతా ఇక్కడే. నింటెండోను గట్టెక్కించిన రూలే ఇతనికి అడ్డం పడుతుంది. రెండు ముక్కల లైన్‌ను చట్టం కాపాడదు. సీన్లు, డైలాగులతో రాసిన స్క్రిప్ట్ చేతిలో ఉండాలి. రైటర్స్ అసోసియేషన్‌లో రిజిస్టర్ చేయిస్తే తేదీకి సాక్ష్యం దొరుకుతుంది, అంతే తప్ప గెలుపు గ్యారెంటీ కాదు. అవతలివాళ్లకు ఆ స్క్రిప్ట్ చేరిందని కూడా చూపించాలి. అందుకే కథ చెప్పి వచ్చిన రోజే ఓ మెయిల్ పెట్టేయడం బెటర్.